మిరప కొట్టులో దీవెన గది

ముందుగా ఒక మాట. నేను బడికి పోయిన మనిషిని కాను. మా ఆయన పోయాక, మనవరాలి పలక ఒళ్లో పెట్టుకుని నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు తప్పుతాయి. ఒక్క వాక్యం రాసేసరికి పొయ్యి మీద ఎసరు మరిగిపోతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి. జోజమ్మ, దీవెన నాకు తెలిసిన మనుషులు. కొంత జోజమ్మ చెప్పగా విన్నాను, కొంత కళ్లారా చూశాను.

మిరపకాయలు అమ్మి నెలలు గడిచినా ఆ గదిలో ఘాటు పోలేదు. చండ్రుగొండ దాటి అడవి దగ్గరపడే ఊళ్లో, జోజమ్మ ఇంటికి పడమటి పక్కన ఆనుకుని ఉన్న మట్టిగోడల కొట్టు అది. పంట ఉన్నప్పుడు అందులో మిరప బస్తాలు ఉండేవి. పంట లేనప్పుడు జోజమ్మ పెనిమిటి జకర్యా తోలే ట్రాక్టరు సామాను, అరిగిన టైర్లు, వాటి మధ్య ఎలుకలు ఉండేవి. పైన పెంకులు, కింద మట్టి నేల, వాగువైపు ఒక చిన్న కిటికీ. తలుపు లేదు, గోనెపట్టా వేలాడేది.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం వేస్తున్న రోజుల్లో ఒక రాత్రి అన్నం తింటూ కూతురు దీవెన అడిగింది.

"నాయినా, ఆ కొట్టు నేను బాగుచేసుకోనా? పరీక్షలు అయ్యేదాకన్నా."

జకర్యా కళ్లు టీవీ మీదున్నాయి. "చేసుకో. ఎవరొద్దన్నరు? చేసుకుంటే నీదే" అన్నాడు, పచ్చిపులుసు జుర్రుకుంటూ.

దీవెన పదో తరగతి. ఇంట్లో ఉన్నది ఒకటే పెద్ద గది. అందులోనే టీవీ, అందులోనే జకర్యా స్నేహితుల ముచ్చట్లు, బుధవారం ప్రార్థన కూడిక వస్తే అందులోనే చాపలు. పిల్ల వంటింటి గడపలో కూర్చుని, బియ్యం డబ్బా మూత మీద లెక్కలు చేసుకునేది. మనిషి అటూ ఇటూ దాటినప్పుడల్లా పుస్తకం ఎత్తి ఒళ్లో పెట్టుకునేది. దాటిన మనిషి పోయాక మళ్లీ మూత మీద పెట్టేది. ఆ ఎత్తడం, పెట్టడం చూసీ చూసీ జోజమ్మకు చేతులు లాగినట్టుండేది.

మొదటి రోజే తప్పు చేశారు తల్లీకూతుళ్లు. టైర్లు బయటికి దొర్లించి, పొడి నేలను పొడి చీపురుతో ఊడ్చారు. ఏళ్ల తరబడి నేలలో, గోడల నెర్రెల్లో కూరుకున్న కారం దుమ్మంతా ఒక్కసారి లేచింది. దీవెన ముక్కుకు కట్టుకున్న తువ్వాలు కళ్లకు తెచ్చుకుని బయటికి పరుగెత్తింది. జోజమ్మ దగ్గుతూ వాకిట్లో కూలబడింది. గాలి వీధిలోకి మళ్లింది.

ఎదురింటి పూలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏందే జోజమ్మా, వాడకట్టు మొత్తానికి తాలింపు పెడ్తున్నవా?"

"కూర నువ్వు తెచ్చుకో, తాలింపు నాది" అంది జోజమ్మ, కళ్లల్లో నీళ్లు కారుతుండగానే.

"తెచ్చుకుంట గని, ఆడపిల్లకు వేరే గదేందే తల్లీ! ఏం కలెక్టరమ్మనా?"

దీవెన ముఖం కడుక్కుంటూ తలెత్తింది. "కలెక్టరైతే నీకు పింఛన్ రాయిస్త, పూలత్తా. ఇప్పుడైతే ఒక చెంబుతో నీళ్లియ్యి, కళ్లు మండుతున్నయి."

పూలి నవ్వుకుంటూ బిందె తెచ్చి పెట్టింది.

మర్నాడు దీవెన బడినుంచి వస్తూ కట్టెకోత మిషను దగ్గర ఆగి, సంచెడు రంపపు పొట్టు అడిగి తెచ్చింది. ఆ పొట్టును తడిపి నేలంతా చల్లి, అప్పుడు ఊడ్చింది. కారమంతా తడి పొట్టుకు అంటుకుని ముద్దలు ముద్దలుగా వచ్చేసింది. గోడలకు తడి గుడ్డ అద్దింది. ఎవరూ దగ్గలేదు. ఇది నాకెందుకు తోచలేదా అనుకుంది జోజమ్మ. ఇల్లు ఊడ్వబట్టి ఎన్నేళ్లో ఆమెకే తెలియదు.

పైకప్పు జోజమ్మ పని. ఆమె చండ్రుగొండలో ధాన్యం వ్యాపారి గోదాములో బస్తాల మూతులు కుడుతుంది. చేతిలో దబ్బనం, నడుముకు పురికొస ఉండ. బస్తా నిలబడి ఉండగానే దాని చెవులు మడిచి, దబ్బనం ఇటు గుచ్చి అటు లాగి, మగవాళ్లు తర్వాతి బస్తా ఎత్తేలోపు ముడి వేసేస్తుంది. పెంకుల సందుల్లోంచి దుమ్ము, తేళ్లు రాలకుండా ఆ ప్రాంతంలో బీదవాళ్లు యూరియా సంచులు విప్పి, ఒక్క పట్టాగా కుట్టి, దూలాల కింద బిగిస్తారు. జకర్యా ఎవరి ట్రాక్టరు తోలుతాడో ఆ రైతు దగ్గర ఖాళీ సంచులకు కొదవ లేదు.

దీవెన సంచులను కుట్టు వెంబడి విప్పుతుంటే, జోజమ్మ అక్షరాలున్న వైపు పైకి, తెల్ల వైపు కిందికి వచ్చేటట్టు పరుచుకుంటూ పోయింది.

"ఆగమ్మా. ఈ నీలం గీతలు, ఆకుపచ్చ గీతలు మంచిగున్నయి గద. వీటిని పీలికలు కోసి చుట్టూ కుడితే?"

"చుట్టూ ఎందుకే?"

"చీరకు అంచు ఉంటది చూడు, గట్ల."

జోజమ్మ ఒక నిమిషం దబ్బనం పట్టుకుని ఆలోచించింది. రోజూ తన చేతుల మీదుగా పోయే సంచులవి. వాటి మీద రంగు ఉందని ఆమెకు తెలుసు. ఆ రంగును కోసి ఇంకోచోట పెట్టవచ్చని మాత్రం ఎన్నడూ తోచలేదు. "కొయ్యి చూద్దాం" అంది.

అంచు పెట్టిన పట్టాను సుకుమార్ వచ్చి బిగించాడు. సుకుమార్ జకర్యా తమ్ముడు. కరెంటు ఆఫీసులో కొత్తగా లైన్‌మన్ ఉద్యోగం వచ్చింది, కొత్తగూడెంలో స్నేహితులతో కలిసి ఉంటాడు. ఆదివారం ఆరాధనకు ఊరికి వస్తాడు. నిచ్చెనెక్కి మేకులు కొడుతూ, "బిడ్డా, నీకు వైరు కూడ నేనే లాగుత. బల్బు మాత్రం మీ నాయిన్నడుగు" అన్నాడు. అన్నట్టే లాగాడు. బల్బు కూడా తన జేబులోంచే తీశాడు.

రెండు రోజులు బాగుంది. మూడో రోజు మంచు బాగా కురిసింది. పొద్దున్నే జోజమ్మ తొంగిచూస్తే పట్టా చెమట పట్టిన ఒళ్లులా తడిసి, అంచుల నుంచి చుక్కలు రాలుతున్నాయి. పెంకులు కారాయా అనుకుంది. వేలు తడికి అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా, చల్లగా తగిలింది. సంచుల్ని సరిగ్గా ఉతకలేదు. పోగుల్లో మిగిలిపోయిన యూరియా మంచునంతా పీల్చుకుంది. గాడిదా, రోజూ బస్తాలు కుడతావు గాని ఆ మాత్రం తెలియదా అని తనను తానే తిట్టుకుంది.

దీవెన మాత్రం నిచ్చెన వేసి మేకులు పీకడం మొదలుపెట్టింది. "వాగుకు పోదాం పా అమ్మా. బండ మీద తొక్కితే పోతది."

వాగు నీళ్లు పిక్కల్ని కొరుకుతుంటే, తల్లీకూతుళ్లు ఆ పెద్ద పట్టాను బండ మీద పరిచి చెరో కొసన నిలబడి తొక్కారు. జోజమ్మకు నవ్వొచ్చింది, ఎందుకో తెలియదు. దీవెన కూడా నవ్వింది. బట్టలుతుకుతున్నవాళ్లు వీళ్లను వింతగా చూశారు.

తలుపు జంపక్క ఇచ్చింది. అడవి అంచు గూడెంలో వెదురు తడకలు అల్లే మనిషి జంపక్క. అంగడి రోజున వచ్చి గది చూసింది. చేత్తో కిటికీ కొలుచుకుంది, గుమ్మం కొలుచుకుంది.

"తలుపు తడక నేను అల్లిస్త చెల్లె. నాకు ఇప్పపువ్వు కాలానికి సంచులు కుట్టియ్యి. ఎలుక దూరకుండ కుట్టాలె."

"కుడ్త అక్కా. ఎలుక గాదు, చీమ కూడ దూరదు."

గోడలు ఎలా చెయ్యాలో కూడా దీవెన ఆమెనే అడిగింది. జంపక్క ఎర్రమట్టిలో పేడ కలిపి, గోడ కింది సగానికి మెత్తి, ఇంకా పచ్చిగా ఉండగానే నాలుగు వేళ్లతో గీరి చూపించింది. ఆమె వేళ్లు వంపు తిరుగుతూ పోతే గోడ మీద నెమలి ఈకల్లాంటి చాళ్లు పడ్డాయి. "మా ఇండ్లల్ల గిట్లనే చేస్తం. అదురు లేకుండ గీరాలె. ఆగితివా, మరక పడ్తది."

దీవెన మొదట చేసింది చెరిగింది. మళ్లీ మెత్తింది. మళ్లీ చెరిగింది. జంపక్క బస్సు టైమైపోతున్నా కూర్చుని చూసింది. ఆ తర్వాత పడిన వంపు ఆగకుండా మూల దాకా పోయింది. "వచ్చింది పో" అని జంపక్క బుట్ట నెత్తినెత్తుకుంది.

గోడ పై సగానికి ఇంటికి వేయగా మిగిలిన సున్నం, అందులో కాస్త నీలిమందు. కిటికీకి జోజమ్మ పాత వాయిల్ చీర. వాడకట్టులో ఆడవాళ్లందరి దగ్గరా పగిలిన గాజులు అడుక్కొచ్చి, దీపం మంటలో ఒక్కొక్కటీ మెత్తబరిచి, ఒకదానిలో ఒకటి కలిపి గొలుసులు చేసింది దీవెన. వాటిని కిటికీ పైన వేలాడదీస్తే సాయంత్రం ఎండ పడి ఎదుటి గోడ మీద ఎరుపు, పచ్చ, ఊదా చుక్కలు కదిలేవి. వెదురు బద్దలతో అల్లిన అరను తాళ్లతో దూలానికి కట్టి, దాని మీద పుస్తకాలు పేర్చింది. ఆ రోజు పూలి చూడటానికి వచ్చి, "నా గాజు ఏదే?" అని అడిగింది. దీవెన చూపించింది. పూలి దాని కింద నిలబడి తన గాజు రంగు గోడ మీద ఎక్కడ పడిందో వెతుక్కుంది.

జకర్యా అప్పటిదాకా అటు పోలేదు. బుధవారం ట్రాక్టరు స్పానర్ కోసం వెతుక్కుంటూ వచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు. లోపలికి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టాడు. పైకి చూశాడు. గాజులను వేలితో తాకి, అవి గలగలమంటే చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

"అరె! మన కొట్టేనా ఇది?"

జోజమ్మ గుండె నిండింది. ఆ సంతోషం అన్నం వండేదాకా కూడా నిలవలేదు. వాకిట్లో జకర్యా ఫోన్‌లో తమ్ముడితో మాట్లాడుతున్నాడు. "అవ్‌రా, శనివారమే రమ్మను. గది తయారుగుంది. వాళ్లు చూస్తే ఇగ మాట్లాడరు."

సుకుమార్‌కు కొత్తగూడెంలో నర్సు పని చేసే ఫ్లోరెన్స్ అనే అమ్మాయి సంబంధం వచ్చింది. పిల్ల తల్లిదండ్రులు ఇల్లు చూడటానికి వస్తామన్నారు. పెళ్లయ్యాక పిల్ల ఎక్కడుంటుంది అన్నదే వాళ్లు అడుగుతున్న మాట.

"అది దీవెన గది గద" అంది జోజమ్మ, పళ్లెం పెడుతూ.

"కాదన్నమా? పరీక్షలైతే ఎక్కడో హాస్టల్ల పడ్తది. ఇంటికి కోడలొస్తే హాల్ల పండబెడ్తమా? నువ్వే చెప్పు."

జకర్యా మాటలో తప్పు పట్టుకుందామంటే జోజమ్మకు చిక్కలేదు. "అయితే నువ్వే చెప్పు దానికి."

"తల్లివి, నువ్వు చెప్పు. అయ్యగార్ని గూడ పిలుస్తున్న. వాళ్ల ముందలే గది ప్రార్థన అయిపోతది."

వాళ్ల సంఘంలో చిన్న గది వేసుకున్నా, గోడ మార్చుకున్నా, పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేయందే అందులో ఎవరూ పడుకోరు. దీవెన కూడా అందుకే ఇంకా హాల్లోనే పడుకుంటోంది.

జోజమ్మ చెప్పేసరికి దీవెన చివరి గోడకు మట్టి మెత్తి, వేళ్లతో చాళ్లు తీస్తోంది. మాట విన్నాక కూడా చెయ్యి ఆగలేదు. ఆగితే మరక పడుతుందని జంపక్క చెప్పింది. వంపు మూల దాకా పోయాకే ఆగింది.

"ఎప్పుడొస్తరు?"

"శనివారం."

"అయితే ఈ గోడ శుక్రవారానికి ఆరాలె" అని, మట్టి గిన్నె దగ్గరికి లాక్కుంది.

ఏడిస్తే బాగుండు అనుకుంది జోజమ్మ. ఏడిస్తే ఓదార్చవచ్చు. పిల్ల ఏడవలేదు. శుక్రవారం సాయంత్రం గోదాము నుంచి వచ్చి చూస్తే వెదురు అర మీద పుస్తకాలు లేవు. బియ్యం డబ్బా మూత మీద ఉన్నాయి. గదిలో మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నేల కూడా అలికి ఉంది.

శనివారం పెళ్లికూతురు తల్లిదండ్రులు వచ్చారు. తండ్రి మాటకు ముందు గొంతు సవరించుకునే మనిషి. తల్లి చూసిన ప్రతిదాన్నీ చేత్తో తాకి చూసే మనిషి. కాసేపటికి అయ్యగారు బైబిలు చంకన పెట్టుకుని సైకిలు దిగారు. సుకుమార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడ నిలబడాలో తెలియక గుంజ దగ్గర నిలబడ్డాడు. దీవెన టీ గ్లాసులు తెచ్చింది.

అందరూ గదిలోకి వచ్చారు. పెళ్లికూతురు తల్లి గోడ మీది చాళ్ల మీద వేళ్లు పెట్టి, అవి పోయిన దారి వెంబడే మూల దాకా నడిచింది. పైకప్పు చూసింది. "అంచు చూడుండ్రి, యూరియా సంచులేనా ఇవి! ఎంత సోకుగున్నది! ఎవరయ్యా మేస్త్రీ?"

"తెలిసినోళ్లు ఉన్నరు లెండి. మేమే చేయించినం" అన్నాడు జకర్యా.

దీవెన ఖాళీ గ్లాసులు ఏరుకుంటోంది. ఆ మాట విని కూడా తల ఎత్తలేదు. ఒక గ్లాసులో ఇంకో గ్లాసు పెట్టి, పళ్లెం పట్టుకుని గుమ్మం వైపు తిరిగింది. ఆమె గోళ్ల సందుల్లో ఎర్రమట్టి ఇంకా ఉంది. జోజమ్మ ఆ గోళ్లనే చూసింది. గది ఇచ్చెయ్యమంటే ఇచ్చేసిన పిల్ల. చేసిన చేతులు కూడా లేవనిపించుకుంటే ఎట్లా?

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు అయ్యగారు. అందరూ తలలు వంచారు. ఆడవాళ్లు కొంగులు నెత్తిన వేసుకున్నారు. "ఈ గదిలో ఉండబోయే బిడ్డ పేరు చెప్పుండ్రి. ఆ పేరు పెట్టి దేవునికి అప్పగిద్దాం."

జకర్యా గొంతు సవరించుకున్నాడు. "మా తమ్ముడు..."

"దీవెన, అయ్యగారూ."

జోజమ్మ గొంతు. కూడికల్లో పాట తప్ప పదిమందిలో మాట ఎత్తని మనిషి. కళ్లు మూసుకునే ఉంది. "ఈ గది దీవెనది. ఊడ్చింది అదే, మెత్తింది అదే, అంచు కోసింది అదే. మేము ఎవ్వరితోనీ చేయించలే. అది చేసుకుంది. దాని పేరు పెట్టుండ్రి."

గుమ్మంలో దీవెన చేతిలో గ్లాసులు ఒకసారి గలగలమని ఆగాయి. జకర్యా కళ్లు తెరిచి భార్య వైపు చూశాడు. ఆమె కళ్లు తెరవలేదు. అయ్యగారు అటూ ఇటూ చూడలేదు. ఆయనకు పేరు చాలు.

"ప్రేమగల తండ్రీ, నీ బిడ్డ దీవెన తన చేతులతో సిద్ధపరచుకున్న ఈ గదిని నీ చేతికి అప్పగిస్తున్నాం. దీవెన ఇక్కడ పడుకున్నప్పుడు నీవే కాపు. దీవెన ఇక్కడ చదువుకున్నప్పుడు నీవే వెలుగు..."

ప్రార్థన పొడవుగా సాగింది. ప్రతి మాటలోనూ ఆ పేరే. చివర అందరూ ఆమేన్ అన్నారు. జకర్యా గొంతు అందరికంటే వెనక వినబడింది. వినబడింది మాత్రం నిజం. దేవుడి ముందు ఆమేన్ అన్న మాటను ఆ ఇంట్లో ఎవరూ వెనక్కి తీసుకోరు.

పెళ్లికూతురు తండ్రి గొంతు సవరించుకున్నాడు. "మరి మా పిల్ల ఎక్కడుంటది?"

జకర్యా నేల చూశాడు. సంబంధం నా నోటితోనే చెడగొట్టానా అనుకుంది జోజమ్మ.

"కొత్తగూడెంల కిరాయికి తీసుకుంట మామయ్యా" అన్నాడు సుకుమార్ గుంజ వదిలి ముందుకొచ్చి. "ఆమె డ్యూటీకి గూడ అక్కడినుంచే దగ్గర. ఈ మాట నేను ముందే చెప్పాల్సింది. అన్న మాట కాదనలేక ఊకున్న."

"మామయ్యా అంటున్నడు చూడు, ఇంకా మనం ఒప్పుకోకముందే" అంది పెళ్లికూతురు తల్లి. ఆమె దీవెనను రెక్క పట్టుకుని లోపలికి లాగింది. "ఇటు రాయే మేస్త్రీ. నీ చేతులేవి, చూడని. మా ఇంటి పైకప్పు గూడ గిట్లనే దుమ్ము రాలుతది. సెలవులకు వస్తవా?"

"వస్త గని, సంచులు మీరే ఉతికి పెట్టుకోవాలె" అంది దీవెన. "ఉతకకపోతే కారుతయి."

చుట్టాలు పోయాక జకర్యా వాకిట్లో మంచం వేసుకుని, జోజమ్మ పెట్టిన అన్నం తిని, చెయ్యి కడుక్కుని పడుకున్నాడు. కోపమో, సిగ్గో జోజమ్మకు తెలియలేదు. అడగలేదు. తప్పు చేశానని మాత్రం అనిపించలేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి దీవెన గదిలోకి పోయింది. వెదురు తడక దగ్గరికి వేసుకుంది. జోజమ్మ పొయ్యి ముందు కూర్చుని కోడికూరకు అల్లం నూరుతోంది. జకర్యా చేతిలో ఏదో పట్టుకుని వచ్చాడు. తన ట్రాక్టరు సీటు మీద వేసుకునే చిన్న స్పాంజి దిండు, కొత్త గలేబు తొడిగి ఉంది. పిల్ల నేల మీద కూర్చుని చదువుతుందని ఎప్పుడు చూశాడో.

ఆ ఇంట్లో ఎవరైనా ఎక్కడికైనా నేరుగా పోవడమే అలవాటు. తలుపులున్న ఇల్లు కాదది. జకర్యా కూడా అలాగే పోయి తడక మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీశాడు. ఒక్క అడుగు వెనక్కి జరిగి, వేలి కణుపుతో వెదురు మీద రెండుసార్లు కొట్టాడు.

"బిడ్డా. రానా?"

"ఒక్క నిమిషం ఆగు నాయినా, ఈ లెక్క అయితున్నది."

జోజమ్మ చెయ్యి రోట్లోనే ఆగింది. ఊరి రైతు పిలిచినా ఇంజను ఆపని మనిషి, దిండు చంకలో పెట్టుకుని, ఆ చిన్న తడక ముందు ఎండలో నిలబడ్డాడు. లోపల పెన్సిలు గీస్తున్న చప్పుడు. ఆయన కదలలేదు.

కొమరం ముత్తక్క, వయసు అరవై నాలుగు. ఇప్పుడు టేకులపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాను.